వాచ్‌డాగ్ టైమర్‌కు ఎన్ని సెకన్లు పెట్టాలి? జీఎస్ఎం మోటారు కంట్రోలర్‌పై అడిగిన ప్రశ్నకు సమాధానం

నమస్కారం. చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక మిత్రులు తమ పొలంలోని బోరు మోటారుకు సొంతంగా తయారుచేసుకున్న జీఎస్ఎం (మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నడిచే) కంట్రోలర్ గురించి అడిగారు. అందులో ఎస్‌టీఎం32ఎఫ్103 (క్లుప్తంగా ఎఫ్103) చిప్, సిమ్800ఎల్ మోడెమ్, మూడు ఫేజుల స్టార్టర్‌ను నడిపే రెండు రిలేలు ఉన్నాయి. వాచ్‌డాగ్ అంటే, ప్రోగ్రామ్ నిర్ణీత గడువులోపు ‘బతికే ఉన్నాను’ అని సంకేతం ఇవ్వకపోతే (దీనినే ఫీడ్ చేయడం అంటాం) చిప్‌ను రీసెట్ చేసి మొదటి నుంచి నడిపించే టైమరు. దానిని మొదట 1 సెకనుకు పెడితే, మోడెమ్ సందేశం పంపిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అయింది. మోడెమ్ జవాబు కోసం ప్రోగ్రామ్ 20 సెకన్ల దాకా ఆగుతుంది కనుక, ఆ చిప్ ఇవ్వగలిగిన గరిష్ఠ కాలమైన 26 సెకన్లకు మార్చారు. ఇప్పుడు ఒక బోర్డు చక్కగా నడుస్తోంది. అదే ప్రోగ్రామ్ వేసిన రెండో బోర్డు మాత్రం సిగ్నల్ బలహీనంగా ఉన్న రోజుల్లో రీసెట్ అవుతోంది. తప్పు చిప్‌లో ఉందా, లెక్కలో ఉందా, అసలు ఎన్ని సెకన్లు పెట్టాలి అన్నది వారి ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, మీ రెండో చిప్ పాడైపోలేదు. ఈ చిప్‌లో 26 సెకన్లు అని మీరు పెట్టిన గడువు నిజానికి 17 సెకన్ల నుంచి 35 సెకన్ల వరకు ఎంతైనా కావచ్చు. మీ రెండో బోర్డులో అది 20 కంటే తక్కువగా ఉండి ఉంటుంది. అయితే నా సలహా 26ను సరిదిద్దడం గురించి కాదు. మోటారును నడిపే ఇలాంటి బోర్డుకు గడువును 2 సెకన్ల దగ్గర పెట్టి, మోడెమ్ కోసం ఎదురుచూసే పద్ధతిని ప్రోగ్రామ్‌లో మార్చండి. మోడెమ్‌కు సరిపడేలా గడువును పెంచుకుంటూ పోవడం మొదలుపెడితే, కాపలా పెట్టినది మోటారుకు అన్న విషయమే మరుగున పడిపోతుంది.

నేను ఆమదాలవలసలో పన్నెండేళ్ళుగా మోటారు కంట్రోలర్లు తయారుచేయడం, పాడైనవాటిని బాగుచేయడం వృత్తిగా చేస్తున్నాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరకు తరచుగా వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఆ 17, 35 ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఎస్‌టీఎం32లోని ఇండిపెండెంట్ వాచ్‌డాగ్ ప్రధాన క్రిస్టల్ మీద నడవదు. చిప్ లోపలే ఉన్న ఎల్ఎస్ఐ అనే చిన్న ఆర్‌సీ ఆసిలేటర్ (క్రిస్టల్ లేని క్లాకు) మీద నడుస్తుంది. ఇది కావాలని చేసిన ఏర్పాటు: క్రిస్టల్ ఆగిపోయినా, ప్రధాన క్లాకు దారి తప్పినా, కాపలా కాసేది మాత్రం ఆగకూడదు. ఆ స్వతంత్రతకు మనం చెల్లించే మూల్యం కచ్చితత్వం. ఎఫ్103 డేటాషీటులో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఎల్ఎస్ఐకి సాధారణ విలువ 40 కిలోహెర్ట్జ్ అని, కనిష్ఠం 30 అని, గరిష్ఠం 60 అని ఉంటుంది. కౌంటరు 12 బిట్లది, అంటే 4096 లెక్కలు. క్లాకును భాగించే ప్రీస్కేలర్ గరిష్ఠంగా 256. రెండింటినీ గుణిస్తే 10,48,576 టిక్కులు వస్తాయి. దానిని 40 వేలతో భాగిస్తే 26.2 సెకన్లు, 60 వేలతో భాగిస్తే 17.5 సెకన్లు, 30 వేలతో భాగిస్తే దాదాపు 35 సెకన్లు. లైబ్రరీలలోను, ఉదాహరణ ప్రోగ్రాములలోను కనిపించేది మధ్యలోని అంకె ఒక్కటే కనుక చాలామంది దానినే నిజమని నమ్ముతారు. చిప్ కుటుంబం మారితే ఈ అంకెలు కూడా మారతాయి. ఎఫ్4 చిప్‌లలో ఎల్ఎస్ఐ సాధారణ విలువ 32 కిలోహెర్ట్జ్, హద్దులు 17 నుంచి 47 వరకు. కాబట్టి ఒక చిప్‌కు వేసిన లెక్కను మరో చిప్‌కు అలాగే ఎత్తి రాయకండి.

మీ రెండు బోర్డులలో తేడా ఎంతో తేల్చుకోవడం కష్టం కాదు. వాచ్‌డాగ్ మొదలుపెట్టిన వెంటనే ఒక పిన్నును హై చేసి, ఆ తరువాత ఫీడ్ చేయకుండా ఖాళీ లూపులో వదిలేయండి. రీసెట్ కాగానే పిన్ను విడిపోతుంది, ప్రోగ్రామ్ మళ్ళీ మొదలై మళ్ళీ హై అవుతుంది. లాజిక్ అనలైజరు ఉంటే ఆ కాలాన్ని కొలవండి, లేకపోతే ఒక ఎల్ఈడీ పెట్టి ఫోనులోని స్టాప్‌వాచ్‌తో చూసినా 26 సెకన్ల గడువులో తేడా స్పష్టంగా తెలిసిపోతుంది. బజారులో చవకగా దొరికే బోర్డులలో చాలాసార్లు అసలు తయారీదారు చిప్ కాక దాని నకలు ఉంటుంది. నకలు చిప్‌కు అసలు డేటాషీటు హద్దులు వర్తిస్తాయని అనుకోవడానికి వీలు లేదు. అలాంటి బోర్డులు వాడేటప్పుడు ప్రతి ఒక్కదానినీ కొలవడం తప్ప నాకు మరో మార్గం తెలియదు.

ఇక గడువును ఎలా నిర్ణయించాలి అన్నది. దీనికి రెండు హద్దులు ఉన్నాయి. పై హద్దును మోటారు చెబుతుంది, కింది హద్దును ప్రోగ్రామ్ చెబుతుంది. నా దగ్గరకు వచ్చే వారిలో ఎక్కువమంది కింది హద్దు నుంచి మొదలుపెడతారు. నేను ఎప్పుడూ పై హద్దు నుంచే మొదలుపెడతాను.

పై హద్దు అంటే, ప్రోగ్రామ్ మొద్దుబారిపోయిన క్షణం నుంచి మోటారును రక్షణ లేకుండా ఎంతసేపు వదిలేయగలం అన్న లెక్క. నడుస్తున్న మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజు పోతే, లోడు అలాగే ఉన్నప్పుడు మిగిలిన రెండు ఫేజులలో కరెంటు సుమారు 1.73 రెట్లు అవుతుంది. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి ఉంటే అది కాపాడుతుంది కానీ, ఊళ్ళలో నేను చూసిన స్టార్టర్లలో ఆ రిలేను మోటారు కరెంటు కంటే ఎంతో పైకి తిప్పి ఉంచడమో, పూర్తిగా పక్కకు తప్పించడమో చాలా మామూలు. అందువల్ల ఫేజు పోయిన 5 సెకన్లలోపు నా బోర్డే మోటారును ఆపాలి అన్నది నేను పెట్టుకున్న నియమం. ప్రోగ్రామ్ ఆగిపోయిన సమయంలోనే ఫేజు పోవడం అరుదు కదా అని మీరు అనవచ్చు. అరుదు కాదు. ఫేజు పోయేటప్పుడు వచ్చే వోల్టేజి కుదుపు, కంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) పడిలేచే మెరుపు, ఇవే ప్రోగ్రామ్‌ను ఆపేసే కారణాలు కూడా. రెండూ ఒకే క్షణంలో రావడానికే అవకాశం ఎక్కువ.

కాబట్టి 5 సెకన్లు నా పై హద్దు. ఇప్పుడు ఎఫ్103లో ప్రీస్కేలర్ 64, రీలోడ్ విలువ (కౌంటరు సున్నాకు దిగడం మొదలుపెట్టే అంకె) 1249 పెట్టామనుకోండి. సాధారణ ఎల్ఎస్ఐ దగ్గర ఒక్కో టిక్కు 1.6 మిల్లీసెకన్లు, 1250 టిక్కులకు సరిగ్గా 2 సెకన్లు. ఎల్ఎస్ఐ నెమ్మదిగా ఉన్న చిప్‌లో అది 2.67 సెకన్లు అవుతుంది. రిలే విడిపోవడానికి, కంటాక్టరు పడడానికి మరికొన్ని పదుల మిల్లీసెకన్లు కలిపినా 3 సెకన్లు దాటదు. పై హద్దుకు తగినంత ఖాళీ ఉంది. ఎల్ఎస్ఐ వేగంగా ఉన్న చిప్‌లో అదే గడువు 1.33 సెకన్లకు తగ్గుతుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రామ్‌లో రెండు ఫీడ్‌ల మధ్య ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా 1.33 సెకన్ల కంటే తక్కువే గడవాలి. పై హద్దును నెమ్మదైన చిప్‌తోను, కింది హద్దును వేగమైన చిప్‌తోను పోల్చాలి. మధ్యలోని 2 సెకన్లతో రెండింటినీ పోల్చకూడదు. మీ లెక్కలో జరిగిన పొరపాటు ఇదే.

కింది హద్దును ఊహించి రాయకండి, కొలవండి. ప్రతి ఫీడ్ దగ్గర ముందటి ఫీడ్ నుంచి గడిచిన కాలాన్ని చూసి, అంతవరకు కనిపించిన అతి పెద్ద విలువను దాచి పెట్టే నాలుగు వరుసలు ప్రోగ్రామ్‌లో చేర్చండి. నేను అలా కొలిచిన మొదటిసారి, పది మిల్లీసెకన్లు అనుకున్న లూపు ఒకచోట 790 మిల్లీసెకన్లు తీసుకోవడం చూశాను. మోటారు ఉష్ణోగ్రత కోసం పెట్టిన డీఎస్18బీ20 సెన్సరు 12 బిట్ల కచ్చితత్వంలో ఒక్కో కొలతకు 750 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటుంది, నేను వాడిన లైబ్రరీ ఆ కాలమంతా అక్కడే నిలబడి ఉంటోంది. ఫ్లాషులో (ప్రోగ్రామ్ ఉండే మెమరీలో) ఒక పేజీ చెరపడానికి ఎఫ్103లో 40 మిల్లీసెకన్ల వరకు పడుతుంది, ఆ సేపు అదే ఫ్లాషు నుంచి నడిచే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఎఫ్4 చిప్‌లలో పెద్ద సెక్టారు చెరపడానికి సెకన్లు పట్టవచ్చు కాబట్టి అక్కడ ఈ సంగతి ఇంకా ముఖ్యం. నేనైతే కొలిచిన అతి పెద్ద విలువకు రెట్టింపు చేసి, అది వేగమైన చిప్ గడువు కంటే తక్కువగా ఉందా అని చూసుకుంటాను. పైన చెప్పిన 790ను రెట్టింపు చేస్తే 1.58 సెకన్లు, 1.33ను దాటిపోయింది. అప్పుడు గడువును పెంచలేదు. సెన్సరుకు ఆదేశం ఇచ్చి వదిలేసి, సెకను తరువాత వచ్చి విలువ చదువుకునేలా ప్రోగ్రామ్ మార్చాను.

మోడెమ్ విషయం కూడా సరిగ్గా ఇంతే, కాకపోతే పెద్దది. సిమ్800 కుటుంబపు ఆదేశాల పుస్తకంలో సందేశం పంపే ఆదేశానికి జవాబు రావడానికి గరిష్ఠ కాలం 60 సెకన్లు, డేటా కనెక్షన్ తెరిచే ఆదేశానికి 85 సెకన్లు అని ఉంటుంది. మీ చిప్ ఇవ్వగల గరిష్ఠ గడువు 26. అంటే మోడెమ్ కోసం నిలబడి ఎదురుచూసే ప్రోగ్రామ్‌ను కాపాడగల గడువు ఈ చిప్‌లో అసలు లేదు. ఎదురుచూసే లూపు లోపలే ఫీడ్ చేస్తే సరిపోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ లూపు నుంచి బయటపడే షరతు ఏ కారణం చేతనైనా నెరవేరకపోతే, అదే లూపు వాచ్‌డాగ్‌ను జీవితాంతం పోషిస్తూ ఉంటుంది, మోటారును చూసేవారు ఎవరూ ఉండరు.

సరైన పద్ధతి మోడెమ్ పనిని దశలుగా విడగొట్టడం. ఆదేశం పంపి, పంపిన సమయం రాసుకుని, వెంటనే ప్రధాన లూపుకు తిరిగి వచ్చేయాలి. ప్రతి చుట్టులో ఒకసారి సీరియల్ బఫరులో ఏమైనా వచ్చిందా అని చూడాలి. వస్తే తరువాతి దశ. 60 సెకన్లు దాటినా రాకపోతే మోడెమ్‌ను రీసెట్ చేసే దశ. ఆ 60 సెకన్ల పాటు ఫేజు, కరెంటు, నీటి మట్టం చూసే పని ప్రతి 10 మిల్లీసెకన్లకు మామూలుగా జరుగుతూనే ఉంటుంది. ఇది మొదటిసారి రాసేటప్పుడు వారం రోజుల పని అనిపిస్తుంది. నాకు పది రోజులు పట్టింది. ఆ తరువాత ఇంతవరకు మోడెమ్ కారణంగా వాచ్‌డాగ్ గడువును ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు గడువు కంటే ముఖ్యమైన విషయానికి వస్తాను: ఫీడ్ ఎక్కడ చేయాలి. ఇక్కడ నా తప్పును నేనే చెబుతాను. తొలి రోజుల్లో నేను చేసిన కంట్రోలర్లలో ఫీడ్‌ను టైమర్ ఇంటరప్టు (ప్రధాన లూపును మధ్యలో ఆపి నడిచే చిన్న పని) లోపల పెట్టాను. ప్రతి 100 మిల్లీసెకన్లకు క్రమం తప్పకుండా అందుతుంది, ఎప్పుడూ అనవసరంగా రీసెట్ కాదు, ఎంత బాగుందో అనుకున్నాను. హిరమండలం వైపు ఒక రైతు పొలంలో పెట్టిన బోర్డులో, కంటాక్టరు పడినప్పుడు వచ్చిన మెరుపుకు ఐ2సీ (చిప్‌ను సెన్సర్ల వంటివాటితో కలిపే రెండు తీగల మార్గం) డేటా తీగ ‘లో’ (సున్నా వోల్టు) స్థితిలో చిక్కుకుపోయింది. ప్రధాన లూపు ఆ తీగ విడిపోవడం కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది. టైమర్ ఇంటరప్టు మాత్రం ఆగలేదు. రాత్రంతా వాచ్‌డాగ్‌కు ఫీడ్ అందుతూనే ఉంది. బోరులో నీరు తగ్గిపోయింది, డ్రై రన్ (నీరు లేకుండా మోటారు నడవడం) చూడవలసిన లూపు ఆగిపోయి ఉంది, తెల్లవారేసరికి సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్ కాలిపోయింది. బోరు నుంచి మోటారును పైకి తీసే కూలీ, రీవైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే, నాట్ల సమయంలో వారం రోజులు ఆ మడికి నీరు లేకపోవడం నన్ను చాలాకాలం బాధపెట్టింది. టైమర్ ఇంటరప్టులో ఫీడ్ చేసిన వాచ్‌డాగ్ టైమర్ బతికి ఉందని మాత్రమే చెబుతుంది.

ఆ తరువాత నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ప్రోగ్రామ్‌లో మోటారు భద్రతకు సంబంధించిన పనులు నాలుగు ఉన్నాయనుకోండి: ఫేజుల కొలత, కరెంటు కొలత, నిర్ణయం తీసుకోవడం, రిలేకు రాయడం. ప్రతి పనికీ ఒక బిట్టు. ఆ పని నిజంగా పూర్తయి, వచ్చిన విలువ నమ్మదగినదిగా ఉంటేనే అది తన బిట్టును పెడుతుంది. ప్రధాన లూపు చివర ఒకే ఒక్క చోట నాలుగు బిట్లూ ఉన్నాయా అని చూసి, ఉంటేనే ఫీడ్ చేసి, నాలుగింటినీ చెరిపేస్తుంది. ప్రోగ్రామ్ మొత్తంలో ఫీడ్ చేసే వరుస అదొక్కటే ఉండాలి. ‘విలువ నమ్మదగినదిగా ఉంటే’ అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) గంటల తరబడి కదలకుండా ఒకే అంకె ఇస్తుంటే ఆ పని జరిగినట్టు కాదు.

ఆర్‌టీఓఎస్ (పనులను టాస్కులుగా విడగొట్టి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవారు కూడా ఇదే పద్ధతిని టాస్కులకు అన్వయించుకోవచ్చు. ప్రతి టాస్కు తన హాజరు వేస్తుంది, ఒక పర్యవేక్షక టాస్కు అందరి హాజరు చూసి ఫీడ్ చేస్తుంది. ఈఎస్‌పీ32 చిప్‌లో టాస్క్ వాచ్‌డాగ్ ఈ పద్ధతిలోనే ఉంటుంది, దాని డిఫాల్టు గడువు 5 సెకన్లు. టాస్కుల మధ్య ప్రాధాన్యాలు తారుమారైతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1997 జులైలో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ ఉదంతం చూడాలి. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రాధాన్యం టాస్కు ఒక మ్యూటెక్సును (ఒకసారికి ఒక టాస్కే పట్టుకోగల తాళాన్ని) పట్టుకుని ఉండగా మధ్యస్థ ప్రాధాన్యం టాస్కులు దానిని నడవనివ్వలేదు. ఆ మ్యూటెక్సు కోసం ఎక్కువ ప్రాధాన్యం టాస్కు ఆగిపోయింది. పని సమయానికి ముగియలేదని గమనించిన కాపలా వ్యవస్థ నౌకను పదేపదే రీసెట్ చేసింది. ఇంజినీర్లు అదే పరిస్థితిని భూమి మీద పునఃసృష్టించి, మ్యూటెక్సుకు ప్రాధాన్య వారసత్వం (తాళం పట్టుకున్న టాస్కుకు, దాని కోసం ఆగిన టాస్కు ప్రాధాన్యం తాత్కాలికంగా ఇవ్వడం) అనే ఐచ్ఛికాన్ని ఆన్ చేయించి సరిచేశారు. అక్కడ ఎవరూ గడువును పెంచి చేతులు దులుపుకోలేదు.

రీసెట్ జరిగిన తరువాత ఏమవుతుందన్నది మీ ప్రశ్నలో లేదు కానీ, మీ బోర్డులో ఇది తప్పక చూడాలి. మీరు స్టార్ట్‌కు ఒకటి, స్టాప్‌కు ఒకటి రిలేలు పెట్టి, స్టార్టర్ బటన్లను నొక్కినట్టుగా చిన్న పల్సు ఇస్తున్నారని నాకు అర్థమైంది. అలాంటి స్టార్టర్‌లో కంటాక్టరును పట్టి ఉంచేది దాని సొంత హోల్డింగ్ కాంటాక్టు (బటన్ వదిలాక కూడా కాయిల్‌కు కరెంటు అందించేది). అంటే మీ చిప్ రీసెట్ అయినా మోటారు ఆగదు! వాచ్‌డాగ్ తన పని తాను చేసింది, మోటారు మాత్రం అలాగే తిరుగుతోంది. ప్రోగ్రామ్ మళ్ళీ మొదలై ఫేజులు చూసేవరకు, లేదా అదే చోట మళ్ళీ ఆగిపోతే ఎప్పటికీ, రక్షణ లేదు. అందుకని స్టాప్ వైపు రిలేను తిరగేయండి. మోటారు నడవాలంటే ఆ రిలే ఆన్‌లో ఉండి తీరాలి, దాని నార్మల్లీ ఓపెన్ (రిలే ఆఫ్‌లో తెరిచి ఉండే) కాంటాక్టు గుండానే హోల్డింగ్ వైరు వెళ్ళాలి. రీసెట్‌లో ఎఫ్103 పిన్నులన్నీ, డీబగ్ పిన్నులు తప్ప, తేలే (హై, లో ఏదీ స్థిరంగా లేని) ఇన్‌పుట్లుగా మారిపోతాయి. రిలేను నడిపేది మోస్‌ఫెట్ ట్రాన్సిస్టరు అయితే దాని గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి, లేకపోతే తేలుతున్న గేటు ఎటు పోతుందో చెప్పలేం. ఈ రెండు మార్పులతో రీసెట్ జరగడమే మోటారు ఆగడం అవుతుంది.

ఆగిన మోటారును బోర్డు వెంటనే తిరిగి వేయకూడదు. నేను కనీసం 2 నిమిషాలు ఆపుతాను, దానికి ప్రతి బోర్డులోనూ వేరువేరుగా కొన్ని సెకన్లు కలుపుతాను. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి పడిపోయి ఏదీ సరిగ్గా లేవదు. ఒక గంటలో మూడుసార్లు వాచ్‌డాగ్ రీసెట్ జరిగితే మోటారును లాక్ చేసి రైతుకు సందేశం పంపిస్తాను. ఈ లెక్క రీసెట్‌ను దాటి నిలవాలి కదా. అందుకు ఎఫ్103లోని బ్యాకప్ రిజిస్టర్లు ఉన్నాయి. సిస్టమ్ రీసెట్‌కు అవి చెరిగిపోవు. వాటిలో ఒకదానిలో ప్రోగ్రామ్ ప్రస్తుతం ఏ దశలో ఉందో ఆ దశ సంఖ్యను రాస్తూ ఉంటే, రీసెట్ తరువాత అది ఎక్కడ ఆగిపోయిందో చదువుకోవచ్చు. నెలకోసారి వచ్చే మొరాయింపు కారణాన్ని పట్టుకోవడానికి నాకు ఇంతకంటే ఉపకరించినది లేదు.

మోడెమ్ గురించి ఇంకో మాట. చిప్ రీసెట్ అయితే మోడెమ్ రీసెట్ కాదు. సందేశం రాయమని మోడెమ్ గుర్తు చూపించిన క్షణంలో చిప్ రీసెట్ అయితే, మోడెమ్ ఆ తరువాత మీరు పంపే ఆదేశాలన్నింటినీ సందేశంలోని మాటలే అనుకుని మింగుతుంది. సారవకోట దగ్గర ఒక రైతుకు మోటారు స్థితికి బదులు ఏటీ ఆదేశాల (చిప్ మోడెమ్‌కు ఇచ్చే ఆదేశాల) వరుస సందేశంగా వెళ్ళినప్పుడు గాని నాకు ఇది తెలియలేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ముందుగా ఎస్కేప్ అక్షరం, అంటే 27 సంఖ్య, పంపండి. ఇంకా మంచిది, మోడెమ్ రీసెట్ పిన్నును ఒక చిప్ పిన్నుకు కలిపి ప్రతి బూట్‌లో దానిని కూడా మొదటి నుంచి లేపండి.

మీ రెండో బోర్డులో జరుగుతున్నవన్నీ వాచ్‌డాగ్ రీసెట్లే అని రూఢి చేసుకున్నారా? బూట్ కాగానే ఆర్‌సీసీ కంట్రోల్, స్టేటస్ రిజిస్టరులోని రీసెట్ జెండాలను (రీసెట్‌కు కారణం చెప్పే బిట్లను) చదివి, దాచుకుని, ఆ తరువాత చెరపండి. వాచ్‌డాగ్ జెండా, పవర్ జెండా వేరువేరుగా ఉంటాయి. పిన్ రీసెట్ జెండా మాత్రం ఏ రీసెట్ జరిగినా పైకి లేస్తుంది కాబట్టి దానిని చూసి మోసపోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత, కరెంటు తిరిగి వచ్చిన తొలి వారాల్లో ఉద్దానంలోని కొబ్బరి తోటల నుంచి నాకు బోర్డులు వరసగా వచ్చాయి, అన్నీ ‘వాచ్‌డాగ్ రీసెట్ అవుతోంది’ అన్న ఫిర్యాదుతోనే. జెండాలు చదివితే దాదాపు అన్నీ పవర్ రీసెట్లు. సిమ్800ఎల్ ప్రసారం చేసేటప్పుడు 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే మరింత బలంగా ప్రసారం చేయాలి కాబట్టి ఆ లాగుడు కూడా ఎక్కువవుతుంది. అసలే తక్కువ వోల్టేజి మీద నడుస్తున్న పవర్ సప్లై దానిని భరించలేకపోయింది. ‘సిగ్నల్ బలహీనంగా ఉన్న రోజుల్లో’ అని మీరు రాసిన మాట రెండు కారణాలకూ సరిపోతుంది. మోడెమ్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, కురచ వైర్లు, మోడెమ్‌కు విడిగా రెగ్యులేటరు ఉన్నాయేమో చూడండి. తక్కువ వోల్టేజికి విరుగుడు వాచ్‌డాగ్ కాదు.

మిగిలినవి క్లుప్తంగా. ఎఫ్103లో ఇండిపెండెంట్ వాచ్‌డాగ్‌ను ఒకసారి మొదలుపెడితే రీసెట్ తప్ప దానిని ఆపే మార్గం లేదు, స్టాప్, స్టాండ్‌బై నిద్రలలో కూడా అది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ మీద నిద్రపోయే పరికరం వేగమైన చిప్ గడువు లోపలే లేచి తీరాలి. అప్లికేషన్ నుంచి బూట్‌లోడరుకు (కొత్త ప్రోగ్రామ్‌ను చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌కు) దూకితే బూట్‌లోడరు కూడా ఫీడ్ చేయాలి. డీబగ్ చేసేటప్పుడు కోర్ ఆగితే వాచ్‌డాగ్ కూడా ఆగేలా డీబగ్ రిజిస్టరులో ఒక బిట్టు ఉంది, దానిని పెట్టుకోండి. డీబగ్‌లో చిరాకు వస్తోందని వాచ్‌డాగ్‌నే తీసేసి, తిరిగి పెట్టడం మరిచిపోయి పొలానికి పంపిన బోర్డులు నేను చూశాను. ఇదే చిప్‌లో ఉన్న రెండో రకం, విండో వాచ్‌డాగ్, ప్రధాన క్లాకు మీద నడుస్తుంది, దాని గడువు పదుల మిల్లీసెకన్లలోనే ఉంటుంది, మోటారు కంట్రోలరుకు అది తప్పనిసరి అని నేను అనుకోను.

ఆర్డునో ఊనో, నానోలు వాడేవారికి ఒక హెచ్చరిక. వాటిలోని ఏటీమెగా328పీ చిప్‌లో గడువులు 16 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్ల వరకు పది మెట్లుగా ఉంటాయి. వాచ్‌డాగ్ రీసెట్ తరువాత ఆ చిప్‌లో వాచ్‌డాగ్ ఆగదు, పైగా అతి తక్కువ గడువైన 16 మిల్లీసెకన్లకు మారి నడుస్తూ ఉంటుంది. రీసెట్ జెండాను చెరిపి వాచ్‌డాగ్‌ను ఆపడం ప్రోగ్రామ్ తొలి వరుసల్లోనే జరగాలి. పాత నానో బోర్డులలోని బూట్‌లోడరు ఆ పని చేయదు కనుక ఒక్కసారి వాచ్‌డాగ్ రీసెట్ అయితే బోర్డు అంతులేని రీసెట్లలో చిక్కుకుంటుంది, చూసేవారికి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. బూట్‌లోడరును ఆప్టిబూట్ అనే కొత్తదానికి మారిస్తే ఆ బాధ పోతుంది.

మీరు మార్పులన్నీ చేశాక, పొలానికి తీసుకెళ్ళే ముందు బల్ల మీద మూడు పరీక్షలు చేయండి. మోటారుకు బదులు ఒక బల్బు పెట్టి, ప్రోగ్రామ్‌లో దాచిన ఒక ఆదేశంతో ప్రధాన లూపును కావాలని ఆపేయండి. బల్బు 3 సెకన్లలోపు ఆరిపోవాలి. తరువాత ఐ2సీ డేటా తీగను గ్రౌండ్‌కు తాకించి పట్టుకోండి. అప్పుడు కూడా ఆరిపోవాలి, వదిలాక 2 నిమిషాల దాకా వెలగకూడదు. చివరగా సిమ్ కార్డు తీసేసి, యాంటెన్నా ఊడదీసి గంటసేపు వదిలేయండి. మోడెమ్ ఎన్ని తిప్పలు పడినా బల్బు ఒక్కసారి కూడా ఆరకూడదు. రెండు బోర్డులనూ ఈ మూడింటిలో పెట్టి, ఎల్ఎస్ఐ కొలతలు, రీసెట్ జెండాలు ఇక్కడ రాయండి. రెండో బోర్డు అప్పటికీ తేడా చూపిస్తే, దాని పవర్ సప్లై బొమ్మ కూడా పెట్టండి, చూసి చెబుతాను.